కి. మీ.

సీతాఫల్‌మండి స్టేషన్ వెనకే మా బడి.
ఎంఎంటీఎస్ పోయినప్పుడల్లా
పాఠం మధ్యలో ఒక గుంత పడుతుంది.
రైలు దాటాక వెనక్కి వెళ్లి
ఆ గుంత పూడ్చి మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఈ ఏడాది నుంచి ఆ పని డబ్బా మేడమ్‌ది.
పేరు పిల్లలు పెట్టిందే.
మూల పగిలిన ట్యాబు, అరచేతంత స్పీకరు.
పేజీ చూపిస్తే చదివేస్తుంది.
దమ్ము తీసుకోదు, కామా దగ్గర ఆగదు,
నీళ్లని నీల్లు అంటుంది,
నాలుక మడవడం దానికెవరూ నేర్పలేదు.

నుస్రత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని
ఒకే వాక్యం ఆరుసార్లు వింటుంది.
ఇంట్లో కుడి నుంచి ఎడమకి నడిచే వేలు
ఇక్కడ ఎడమ నుంచి కుడికి, ఆ గొంతు వెంట.
ఆరోసారీ అదే గొంతు. విసుగు లేదు.
నాకైతే నాలుగోసారికే
మాటలో ఒక పుల్ల విరుగుతుంది.
ఆ చప్పుడు పిల్లలకి వినబడదనే
అనుకున్నాను ఇన్నేళ్లూ.

కొమురేష్ గోడవైపు కూర్చుంటాడు.
పుస్తకం వాడికి వానాకాలపు రోడ్డు,
ఏ అక్షరం మీద కాలు పెట్టినా జారుతుంది.
"చదువు" అంటే చాలు, పెన్సిల్ కిందపడుతుంది.
వెతకడానికి బెంచీ కిందికి దూరినవాడు
గంట కొట్టేదాకా పైకి రాడు.

ఇవాళ మూసీ పాఠం.
"అనంతగిరి కొండల నుంచి తొంభై కీ మీ దాటి"
అని చదివింది డబ్బా మేడమ్, ఏ సిగ్గూ లేకుండా.
బెంచీ కింద నుంచి ఒక నవ్వు.
"కీమీ ఏంది టీచర్! కిలోమీటర్లు గదా,
మా నాయిన ఆటోల దినాం తిరుగుతయి!"
మోకాళ్లకి దుమ్ముతో బయటికొచ్చి
పుస్తకం లాక్కుని వేలు పెట్టి వెతికాడు.
కి, పక్కన చుక్క. మీ, పక్కన చుక్క.
"మిగిలిందంత గీ చుక్కలల్ల దాసిపెట్టిండ్రు."
కాసేపు చూసి, మెల్లగా,
"ఇది గూడ అక్షరాలు మింగుతది, నా లెక్కనే."

ఎవరూ నవ్వలేదు.
నేనేదో అనబోయాను, రైలొచ్చింది, మంచిదైంది.

రైలు పోయేసరికి చార్జింగ్ అయిపోయింది.
మూసీ లంగర్‌హౌజ్ దగ్గర ఆగిపోయింది.
వైరు కోసం హెడ్‌మాస్టరు గదికి పరిగెత్తాను.
తిరిగొస్తుంటే గుమ్మం దాకా వినబడింది
తడబడుతూ, ఆగి మళ్లీ కదులుతూ
చాదర్‌ఘాట్ దాటుతున్న నది.

చదువుతున్నాడో,
నాయిన ఆటోలో తిరిగిన దారి
గుర్తు చేసుకుని చెబుతున్నాడో,
వైరు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.
లోపలికి వెళ్లి అడగలేదు.