ఎనభై ఎనిమిదో వరస

లెర్విక్ రేవులో ఓడ దిగేసరికి
ప్రశ్నాపత్రం అంచులు తడిసి ఉబ్బాయి.
ఇరవై ఆరు ప్రశ్నలు, ఒక అంగీకార పత్రం,
ఒక రికార్డరు.
స్వెటర్ల అల్లికకి నమూనాలు గీసి అమ్ముకునేవాళ్ళు
ఏ లైసెన్సు మీద ఎంత గడిస్తున్నారో తేల్చాలి.
మూడేళ్ళ గ్రాంటులో
రెండేళ్ళు అప్పటికే కరిగిపోయాయి.

రోనా ఐస్బిస్టర్ తలుపు తీసి
ముందు నా బూట్లు చూసింది, తరవాత నన్ను.
"పోయినేడు వచ్చినాయన కూడా ఇవే అడిగాడు.
నోటికొచ్చిన అంకె చెప్పాను.
సంతోషంగా వెళ్ళాడు."
ఇలాంటి వాటినే కాకి లెక్కలంటాం.
కిటికీ బయట బండ మీద
నీటికాకి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

నమూనా ఎవరిది?
"సగం మా పెద్దమ్మది.
మెడ దగ్గర చుక్కలు పక్కింటి బార్బరావి,
వాటి గురించే చచ్చేదాకా మాతో మాట్లాడలేదు.
మిగిలింది నాది.
నీ కాగితంలో గడి ఒకటే ఉందే?"

ఆదాయం?
"టోపీలూ చేతితొడుగులూ ఊరికే ఇచ్చేస్తాను.
నమూనా పోయిన దారినే ఉన్ని పోతుంది.
మొన్న ఈ పైకప్పు వేయించింది ఉన్నే."
రాసుకున్నాను. ఇంతవరకూ
మా సిద్ధాంతం బుద్ధిగానే నడిచింది.

పదిహేడో ప్రశ్న: నకళ్ళు రాకుండా ఏం చేస్తారు?
నవ్వి, సొరుగులోంచి ఒక కాగితం తీసింది.
"నలభై మూడో వరస చూడు.
ఒక కుట్టు ఎక్కువ రాశాను, కావాలనే.
కొన్నవాళ్ళు చిక్కుపడి ఫోను చేస్తారు,
వాళ్ళకి చెబుతాను.
ఎత్తుకుపోయినవాళ్ళు ఎవరికి చేస్తారు?
పప్పులో కాలేసి, అదే అందమనుకుని
తొడుక్కు తిరుగుతారు.
ఎడమ భుజం కింద నక్షత్రానికి
ఒక కొమ్ము విరిగి ఉంటుంది.
వీధికి ఆ చివర ఉన్నా పట్టేస్తాను."

ఎన్ని పట్టారు? పెన్ను ఎత్తాను.
"పదకొండు.
పన్నెండోది అబర్దీన్ ఆస్పత్రిలో."

రికార్డరులో ఇక్కడ
నలభై సెకన్లు కెటిల్ చప్పుడే.

"రాత్రి డ్యూటీ నర్సు. మా గిబ్బీ నాడి చూడ్డానికి
వంగినప్పుడల్లా ఆ నక్షత్రం.
నోటిదాకా వచ్చింది మాట.
తెల్లారేలోపు ఆయన కళ్ళు ఆవిడే మూసింది.
వణుకుతున్నారే అని
ఆ స్వెటరే విప్పి నా మీద వేసింది.
నా తప్పు నన్నే కప్పింది చూడు.
వెచ్చగానే ఉంది.
తిరిగిచ్చేటప్పుడు లోపలివైపు తిప్పి చూశాను.
పోగుల కొసలు దాచడం తెలిసిన చెయ్యి."

పద్దెనిమిదో ప్రశ్న:
అనధికార నకళ్ళ వల్ల ఏడాదికి నష్టం, పౌండ్లలో?
అడగకపోతే వరస పూర్తికాదు.
అడిగాను.
బిస్కెట్ల పళ్ళెం నావైపు జరిపింది.

గ్లాస్గోలో, రేడియేటరు పక్క బల్ల మీద,
నూట నలభై మూడు వరసల పట్టిక.
ప్రొఫెసర్ మార్గిట్ నా భుజం మీంచి చూసి
ఎనభై ఎనిమిది ఎందుకు ఖాళీ, సున్నా వేసెయ్, అంది.
ఖాళీ వేరు, సున్నా వేరు అన్నాను.
నిజమే, సగటు మారిపోతుంది, అని ఒప్పుకుంది.
నేనన్నది సగటు గురించి కాదు,
కానీ ఊరుకున్నాను.

ఖాళీ ఉన్న వరసని ప్రోగ్రాము తనంత తానే వదిలేస్తుంది.
పత్రం అచ్చయింది.
మొదటి పేజీలో నూట నలభై మూడు మందిని కలిశామని ఉంది.
చివరి పట్టికలో నూట నలభై రెండు.
ఆ తేడా దిద్దలేదు, కింద వివరణా రాయలేదు.

రెండు వందల చోట్ల మమ్మల్ని ఉదహరించారు.
ఇంతవరకూ
ఎవరూ ఫోను చెయ్యలేదు.