పైన ఇరవై రెండు లైన్లు

వనపర్తిల, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురుంగ
జిరాక్స్ దుకాణం మీది అర్రల నా కొలువు.
కింద, మెట్ల పక్కన, జహీరుద్దీన్ సాబ్ బల్ల.
బల్ల మీద స్టాంపు కాగితాలు, ఇంకు ప్యాడు,
ఎవరిదో నీలిరంగు బొటనవేలు
తుడుసుకునేతందుకు గుడ్డ కోసం దేవులాడుతది.

ఓపెన్ సోర్సు పని నాది. అడిగినోళ్లు లేరు,
నేనే నెత్తికెత్తుకున్న.
ఐదు వందల పద్నాలుగు పరీక్ష ఫైళ్లు.
ప్రతిదాని నెత్తి మీద అదే ఇరవై రెండు లైన్ల మూట:
వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు,
నష్టమొస్తే మమ్మల్ని అడగొద్దు.
మూట కింద అసలు పరీక్ష:
రెండు ఖాళీ జాబితాలు కలిపితే ఖాళీయేనా?
మూడే లైన్లు.
కందిగింజంత ప్రశ్నకు
గుమ్మి అంత మూత.

కిందికెళ్లి సాబ్ గొంతు పైకొస్తది:
"నా పూర్తి ఇష్టంతోటి, స్వబుద్ధితోటి,
ఎవరి బలవంతమూ లేకుండ..."
నలభై ఏండ్ల సంది అదే చదువుడు.
అమ్మెటాయన వినడు,
పల్లికాయలు ఒలుచుకుంట కూసుంటడు.
సర్వే నంబరు రాంగనే
చెయ్యి ఆగుతది, మెడ లేస్తది.
తూర్పున బండ్లబాట, పడమట ఒర్రె,
ఉత్తరాన ఎద్దుల పెంటమ్మ చెల్క,
దక్షిణాన రాళ్లగుట్ట.
భూమి ఆ నాలుగు మాటలల్లనే ఉంటది.
తక్కినదంత పొల్లు, అనుకున్న నేను.

మూడో రోజు తెలిసింది
ఆ మూటలన్నీ ఒక్కతీరు లేవని.
అరవై ఒక్క ఫైళ్లల్ల
'వారంటీ' మాటకు ఒక అక్షరం తక్కువ.
ఎవరో ఎప్పుడో తప్పు కొట్టిండు,
ఇంకొకరు దాని నకలు తీసిండ్రు,
నకలుకు మళ్ల నకలు.
పుట్టుమచ్చ తీరుగ దిగుకుంట వచ్చింది తప్పు.
దాన్ని పట్టుకొని పోతే
ఏ ఫైలు ఎవరి బిడ్డనో చెప్పొచ్చు.
తప్పు లేనిదానికి వంశం దొరకలే.

సాబ్‌కు చెప్తే పగలబడి నవ్విండు.
"తొంభై రెండుల నా కలం బేటీ,
'వారసులు'ను 'వరసలు' చేసింది.
పెబ్బేరు దాకా నకళ్లు పోయినయ్.
ఇప్పటికీ ఎక్కడనో ఒక మడికి
వరసలే హక్కుదార్లు."

స్క్రిప్టు రాసిన.
ఇరవై రెండు లైన్ల జాగల రెండు:
రాసినోళ్ల పేరూ సంవత్సరమూ ఒకటి,
లైసెన్సు పొట్టిపేరు ఒకటి, మరకు గూడ తెలిసేటట్టు.
పూర్తి పాఠం ఒక్క దగ్గర, ఒక్కటే ప్రతి.

ఒక ఫైలుల మూట ఇప్పితే కింద ఏం లేదు.
పదకొండేండ్ల సంది ఆ నోటీసు
ఖాళీకి మాది పూచీ కాదని
చెప్పుకుంట కూసున్నది.
దాన్ని మొత్తానికే తీసేసిన.

మూడు ఫైళ్ల కాడ చెయ్యి ఆడలే.
వాటి మీద ఇరవై మూడో లైను:
'ఇది ఇల్మరీ రాసింది. ఈ మాట తీయొద్దు.'
రెండువేల ఏడు.
మెయిలు పెట్టిన, తిరిగొచ్చింది,
అసొంటి చిరునామా లేదంట.
అడుగుదామంటే మనిషి లేడు,
అడగకుండ తీసే హక్కు నాకు లేదు.
ఆ మూడూ అట్లనే ఉన్నయ్,
దువ్విన తలల కొప్పు విప్పినట్టు.
ఉండనీ.

పొద్దుమూకింది. సాబ్ బల్ల సర్దుకుంట
"ఎన్ని తీసినవ్?" అన్నడు.
పదివేల రెండువందల ఇరవై రెండు.
"పైసలెన్ని?"
ఏం ఇయ్యరు.
నా మొహం దిక్కు జరసేపు చూసిండు.
"మాకు పేజీకింత అని లెక్క.
నువ్వొచ్చి మా బల్ల మీద చెయ్యి పెట్టకు, తల్లీ."

రేపటికోసం రాసిపెట్టుకున్న కాగితాలు
సంచిలకు దోపుతుండు.
అన్నిటి మీద పూర్తి ఇష్టం, స్వబుద్ధి,
బలవంతం లేకపోవుడు, ముందే ఉన్నయ్.
హద్దుల కాడ మాత్రం
నాలుగు వేళ్ల జాగ వదిలిండు.