మూడు దిగాలె, రెండు ఎక్కాలె

నాగర్‌కర్నూల్ దవాఖాన, డయాలసిస్ గది.
నాలుగో మంచం మీద మన్యంకొండయ్య,
అచ్చంపేట డిపోల ఇరవై తొమ్మిదేండ్లు కండక్టరు.
సూది గుచ్చేటప్పుడు మొహం తిప్పుకోడు,
నా చేతినే చూస్తడు
చిల్లర సరిచూసుకున్నట్టు.

"ఇంతకు నా కిడ్నీల ఏం పని ఆగిందమ్మా?
రిపోర్టు చదవకు. మనిషికి చెప్పినట్టు చెప్పు."

నాలుగు గంటలు గడవాలె.
స్టూలు దగ్గరికి జరుపుకున్న.

సన్నటి గొట్టాలుంటయి కొండయ్యా,
గొట్టం గోడంత కణాలు,
కణం ఎనక దిక్కు పొర నిండ ఎంజైములు.
ఒక్కొక్కటి ఒక కండక్టరు.
మూడు సోడియంలను దించుతది,
రెండు పొటాషియంలను ఎక్కించుకుంటది,
ట్రిప్పుకొక ఏటీపీ చింపుతది.
"టికెట్టు లెక్క."
టికెట్టు లెక్కనే.
"రెండు డోర్లుంటయా?"
ఉంటయి, రెండూ ఒక్కపారి తెరవదు.
లోపలిది తెరిస్తే బయటిది బంద్,
బయటిది తెరిస్తే లోపలిది బంద్.

చాలాసేపు నవ్విండు.
"సంత నాడు కల్వకుర్తిల
మా బండికి ఒక్క డోరన్న మూతపడ్డదా!
ఫుట్‌బోర్డు మీదనే పదిమంది."

తోసుకొని ఎక్కుడు ఎవరికైనా వస్తది.
జనం పలుచగున్న కాడికెల్లి
కిక్కిరిసిన కాడికి పంపుడే కష్టం.
బయట సోడియం కిటకిట, అయినా అటే దించాలె,
సెకనుకు వందసార్లు,
నువ్వు గుర్రుపెట్టి పండుకున్నా సరే.
అది ఖాళీ చేసిన జాగలకు
గొట్టంల పారే ఉప్పు వస్తది,
ఉప్పును పట్టుకొని చక్కెర, ఎనకనే నీళ్లు.
దినాం నూట ఎనభై లీటర్లు వడగట్టి
ఒకటిన్నరే బయటికి ఇడుస్తవు.
ఇడుస్తుంటివి.

ఆ మాట సర్దుకునే లోపల ఆయన అడిగిండు:
"మరి గీ మిషన్ల ఎంతమంది కండక్టర్లు?"
ఒక్కరు లేరు.
దీనికి పల్లమే తెలుసు,
ఎక్కువున్న దిక్కుకెల్లి తక్కువున్న దిక్కుకు జారుడే.
గడ్డెక్కించే విద్య రాదు.

ట్యూబుల తన రక్తం పోవుడు చూసి
ఇంకేం అడగలేదు ఆ పూట.

సీతాఫలాల దినాలు.
మంగళవారం మంచం ఖాళీ.
బుధవారం రాత్రి ఆటోల తెచ్చిండ్రు.
బాలానగర్ రోడ్డు మీద గంపల ముందట దిగి
గింజలు ఊసుకుంట తిన్నడట.
"ఐదంటె ఐదే," అన్నది కుర్మమ్మ
తానే తినిపించినట్టు తల వంచుకొని.

పొటాషియం ఏడు పాయింట్ ఒకటి.
ఈసీజీ కాగితం మీద అలలు
కొసలు దేరి గుడారాల లెక్క నిలబడ్డయి.

గుండె తడబడకుంట కాల్షియం.
తర్వాత గ్లూకోజు, దాంతోటి ఇన్సులిన్.
ఆ మందు పోయి ఎవర్ని లేపుతదో నాకెరుకే:
తొడ కండల్ల, భుజం కండల్ల
అదే ఎంజైము, అదే కొలువు.
ఒక డిపో మూతపడితే ఏమాయె,
ఇంకా డ్యూటీ దిగనోళ్లు.
కొల్లాపూర్ మలుపుల్ల ఇరవై తొమ్మిదేండ్లు
పైరాడ్డు పట్టుకొని నిలబడ్డ భుజం అది.
లోపలికి జరుగు, లోపలికి జరుగు,
ఇద్దరిద్దర్ని రక్తంలకెల్లి ఎక్కించుకున్నరు.
కాగితం మీద గుడారాలు మెల్లగ కుంగినయి.

గంటల మాటనే, మళ్ల దిగుతయి.
ఆ సందుల నేను మిషన్ కడిగి పెట్టిన.

తెల్లారంగ కండ్లు తెరిచి
పండ్ల సంగతి అడుగుతనేమోనని
ఆయనే ముందుగాల అందుకున్నడు:
"మూడు దించి రెండే ఎక్కించుకుంటే
మా మేనేజరు మెమో ఇస్తుండె.
నష్టంల నడిచే రూటమ్మా అది."

ఆ ఒక్క ఖాళీ సీటుకే
కణం లోపల ఇంత కరెంటు నిలుస్తదని
చెప్పబోయి ఆగిన.
బరువు రాసుకున్న, బీపీ రాసుకున్న.
ఆయన ఎడమచేతి ఉంగరంతోటి
మంచం కడ్డీ మీద రెండుసార్లు కొట్టిండు.
మిషన్ ఆన్ చేసిన.