నవంబరు రుజువు

నవంబరు వస్తే నాయన బతికున్నాడని
వర్తూరు బ్యాంకులో రుజువు చూపాలి.
తెల్లచొక్కా నిన్ననే ఉతికించి పెట్టుకున్నాడు.
"పోయినేడు బతికే ఉంటిని కదమ్మే,
వాళ్ళకింకా అనుమానం తీరలేదా?"

గాజు బిళ్ళ మీద బొటనవేలు.
ఎర్రదీపం.
పంచె చెంగుతో తుడిచి మళ్ళీ. ఎర్రదీపం.
కౌంటర్లో కుర్రాడు కన్నడంలో, మర్యాదగానే,
"అజ్జా, మీ వేలికి గీతలే లేవు" అన్నాడు.

ఉండవు మరి.
గుంజూరు ఎర్రమన్ను నలభై ఏళ్ళు నమిలింది వాటిని.
అంతకు ముందు పద్ధెనిమిదేళ్ళు పటాలం నమిలింది,
అలసూరు చెరువులో తెప్పలు కట్టడం నేర్పి,
వంతెనలు మోయించి,
మునిపాపయ్య అన్న పేరు పక్కన పెట్టి
తంబీ అని పిలిచి.

డెబ్బై ఒకటిలో
పడమటి సరిహద్దున, డిసెంబరు రాత్రి,
పొట్ట మీద పాకుతూ ఇనప చువ్వతో మన్ను గుచ్చి చూశాడు.
నిట్టనిలువుగా గుచ్చకూడదట. ఏటవాలుగా,
తన్నే ఎనుము పొదుగు ముట్టుకున్నట్టు.
తగిలితే ఆగాలి. ఊపిరి కూడా ఆగాలి.
ఇన్నేళ్ళలో యుద్ధం గురించి ఆయన చెప్పింది ఇంతే:
"ఎవరిదో గోధుమ చేను. మొలక చీలమండెత్తు.
మంచి మన్నమ్మే అది, ఒండ్రు.
ఎంత చూసుకున్నా మోచేతుల కింద నలిగిపాయె."

పక్కన పాకిన తిమ్మరాయుడి పేరెత్తడు.
తోటలో కోసిన మొదటి ద్రాక్ష బుట్ట మాత్రం
ఏటా ఆనేకల్లు బస్సెక్కి
వాళ్ళమ్మ దగ్గరికి పోయేది.

నేను పుట్టిన పద్నాలుగు నెలలకు ఆయనకు సెలవు దొరికింది.
అమ్మ చెప్పేది:
ఎత్తుకోలేదట. పక్కన గొంతుకూర్చుని
ఒక్క వేలు, ఏటవాలుగా, నా బుగ్గకు ఆనించి
ఊపిరి బిగబట్టాడట.
కేరుమని నేనే పేలాను.
అప్పుడు నవ్వాడట, వీధి చివరిదాకా వినబడేలా.

తర్వాతది పెద్ద కథ, చిన్నగా చెప్తాను.
నీలిద్రాక్ష వేశాడు, రెండేళ్ళు వడగళ్ళు తిన్నాయి.
గులాబీ వేశాడు. తెల్లారుజామున మూడింటికి లేపి
లారీలో పూలమూటల నడుమ మమ్మల్ని కూర్చోబెట్టుకుని పోయి
చిక్కపేట సందులో దోసెలు తినిపించాడు.
చేతికందిన కొడుకును మెదడువాపు తీసుకుపోయిన సాయంత్రం
ఎప్పటిలాగే తోటకు నీళ్ళు కట్టాడు.
అమ్మ ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు.
రాగిముద్ద మాత్రం వేడిగానే పెట్టింది.

చెరువు నురగలు కక్కింది. పొలం లేఅవుటయింది.
మూడు లిపుల్లో సంతకం చేయగలవాడు
రిజిస్ట్రారు ముందు వేలిముద్రే వేస్తానన్నాడు.
ఎందుకని మేమడగలేదు.
అప్పటికే సిరాలో పడింది ఒట్టి నల్లమచ్చ.

అమ్మ డెబ్బై మూడేళ్ళు బతికింది.
ఒక్కరూ రుజువడగలేదు.

పది వేళ్ళూ అయిపోయాయి.
కళ్ళు చూసే యంత్రం ఎక్కడినుంచో తెచ్చారు.
ఎడమ కంట్లో శుక్లం. కుడి కన్ను పెద్దది చేసి,
గడ్డమెత్తి, కదలకుండా నిలబడ్డాడు,
ఎవరో సావధాన్ అన్నట్టు.
పచ్చదీపం.

ఆటోలో అడిగాడు, "పాసైనానా?"
"ఏడాదికి, నాయనా."
"ఏడాదా!" అని వేళ్ళు మడిచి ఏదో లెక్క వేశాడు.
"కొత్తిమీరకు నలభై రోజులు చాలు కదే."

మూడో అంతస్తు మేడమీద, సిమెంటు సంచుల్లో మన్ను.
ధనియాలు నేలమీద పోసుకుని
గీతల్లేని ఆ వేలితో ఒక్కొక్కటే నొక్కి
రెండు పప్పులుగా విడగొడుతున్నాడు.
చిటుక్.
కింద ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు.
చిటుక్.
"నువ్వూ కూచోమ్మే," అన్నాడు, "గట్టిగా కాదు, మెల్లగా నొక్కాల."