ఆరో రోజు

హన్మకొండల శిక్షణ.
ఎన్క బెంచీల కూసున్న,
యాభై మూడేండ్ల మోకాళ్లు ముడుసుకోని.
ఎనిమిదో తరగతి పిలగాండ్ల కొలతకు చేసిన బెంచి అది.
ముందట నిలవడ్డ పిల్ల నా బిడ్డ కన్న చిన్నది.
ఇంగ్లీషుల చెప్తాంది,
ఎనుమాముల కాంట మీద బస్తాలు పడ్డట్టు
మాట మీద మాట.
ఒక్కటి ఎత్తుకునే లోపట ఇంకొకటి.

"అండర్‌స్టుడ్ సార్?" అన్నది.
తలకాయ ఊపిన.

ఆ ఊపు నాకెరికే.
ఎక్కడనో చూసిన.
చాయ్ కాడ బిస్కట్ ముంచి,
అది ఇరిగి గిలాసల పడేదాక ఆలోచన చేసిన.

లావుడ్య మంగ్యా.
ఖానాపురం అవతలి తండా నుంచి
కాలువ గట్టు పట్టుకోని నడిసొచ్చేటోడు.
నేను బోర్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు
"బాష్పోత్సేకం" అని రాసి
అర్థమైందారా అంటే
గిట్లనే, అచ్చం గిట్లనే ఊపేటోడు.
వాని ఇంట్ల నీళ్లు అంటే పాణి, చెట్టు అంటే ఝాడ్.
తెలుగే వానికి పొరుగూరు.
ఆ పొరుగూర్ల నేనొక సంస్కృతం కోట కట్టి
లోపటికి రారా అని పిలిచిన.
ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్రసిరాతోని రాసిన:
మందకొడి. శ్రద్ధ లేదు.
దస్తూరి ముత్యాల్లెక్క ఉందని
హెడ్మాష్టరు మెచ్చుకున్నడు గూడ.

ఇరవై నాలుగేండ్లాయె.
నల్లబోర్డు పోయి పచ్చబోర్డు,
పచ్చబోర్డు పోయి ఏలు పెడితే ఎలిగే తెర.
సంతకం పోయి, మొఖం చూపెట్టే హాజరు.
పుస్తకం నడుమ చీలి
ఒక దిక్కు ఇంగ్లీషు, ఒక దిక్కు తెలుగు.
అన్నిటికీ సణిగిన.
"ఇంకెనిమిదేండ్లు నూకితే అయిపాయె" అంటడు
లెక్కల సమ్మిరెడ్డి.
నూకుతనే ఉన్న నేను గూడ,
బ్యాటరీ పోయిన బండిని.

శిక్షణ అయిపోయిన రాత్రి
ట్రాన్స్‌పిరేషన్, ట్రాన్స్‌పిరేషన్ అని
రఫ్ కాయితం మీద ఇరవై సార్లు రాసిన.
"ఇంపోజిషనా?" అని నవ్వింది మా ఇంటామె.
ఔ అన్న.

ఆరో రోజు, బడి.
కాపీ కొట్టేటోని తీర్గ
అరచేతుల మాట రాసుకోని పోయిన.
తెర ముట్టిన. కరెంటు పోయింది.
అరచెయ్యి చూసిన. చెమటకు సగం చెరిగింది.
ముప్పై ఎనిమిది మొఖాలు.
"నాకీ మాట మంచిగ రాదు" అన్న.
ఇరవై ఏడేండ్ల నౌకరిల
ఆ ముక్క నా నోట్లెకెల్లి రావుడు అదే మొదలు.

ఎవ్వలు నవ్వలే.
ధారావత్ పల్లవి లేసింది.
"సార్, మట్టమధ్యాన్నం మా మిరపచేను తలలేలేస్తది.
నీళ్లు పెట్టకున్నా పొద్దూకంగ మల్ల లేస్తది.
ఆకుల ఉన్న పాణి ఎటువోతది సార్?"

అరచెయ్యి ముందటికి చాపిన.
"ఇగో, ఈ అచ్చరాలు ఎటువోయినయో
అటే పోతదేమో. పోయి చూద్దామా?"

బడి ఎన్క కానుగ కొమ్మకు పాలిథిన్ సంచి కట్టినం.
అన్నం బెల్లు కొట్టెటాల్లకు
సంచి లోపట చిన్న చిన్న చుక్కలు,
పైపెదవి మీద చెమట లెక్క.
పిల్లలు వాళ్ల భాషల దాన్నొక మాటన్నరు.
మల్ల చెప్పుమన్న.
నోట్ల తిప్పుకున్న, తిరుగలే.
అప్పుడు నవ్విండ్రు, కడుపునిండ.
"గట్ల కాదు సార్, నాలిక మీదికి వెట్టుండ్రి."
పెట్టిన. ఇంకా కుదురలే.

సర్వీసు బుక్కుల గుమస్తా ఎక్కిచ్చిండు:
శిక్షణ, ఐదు రోజులు, పూర్తి హాజరు.

పల్లవి వాళ్ల తాత కాడ
మంగ్యా నంబరు దొరికింది.
మార్కెట్ల ట్రాలీ నడుపుతుండట.
పది అంకెలు.
రోజూ తొమ్మిదింటి దాక నొక్కుత.