మూడున్నర మీటర్లు

రిచీ స్ట్రీట్‌లో దస్తగీర్ సాయిబు
నాలుగు వందల మిల్లీమీటర్ల పాత లెన్సును
పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులా ఇస్తూ
కడప యాసలో చెప్పాడు:
"దూరం బాగా చూస్తాదమ్మా ఇది.
దగ్గరిది మాత్రం దీని కంటికి ఆనదు."
లెన్సు మెడ మీద చెక్కి ఉంది:
మూడున్నర మీటర్లు. అక్కణ్ణుంచి
పక్కకు తిరిగి పడుకున్న ఎనిమిది దాకా.

మూడున్నర మీటర్లంటే
పెరంబూరులో మా వంటగది కన్నా పొడుగు.

పగలు నా పని ఎక్స్‌రే.
వచ్చినవాళ్లందరికీ అవే మాటలు,
తమిళంలో, తెలుగులో, వచ్చీరాని హిందీలో:
గడ్డం ఆనించండి. ఊపిరి బిగబట్టండి. కదలకండి.
అందుకే కాబోలు ఆదివారం తెల్లారకముందే
కదిలేవాటి కోసం కాశిమేడు పోతాను.

ఆ వేళ హార్బరులో
ఇంకా లైట్లార్పని పడవలు, డీజిలు వాసన,
ఐసు దిమ్మెలు పగులుతున్న చప్పుడు,
వేలం పాడేవాళ్ల గొంతుల్లో రాత్రి మిగిల్చిన బొంగురు.
నా చూపంతా పైన తిరిగే గరుడ పక్షి మీద.
షట్టరు సెకనులో రెండువేలవ వంతుకి పెట్టి,
మీట సగం నొక్కి,
అది రెక్క ముడిచే క్షణం కోసం
మెడ పట్టేసేదాకా నిలుచున్నాను.

అప్పుడు మోచేతి పక్కన నవ్వు.
దేశమ్మ. పేరు తర్వాత తెలిసింది.
ఆమె గంపలోని కవళ్లలో ఒకదాన్ని పిల్లి పట్టుకుంది.
తోక పిల్లి నోట్లో, తల ఆమె పిడికిట్లో,
ఇద్దరూ వదలరు.
తిట్టబోయిన తిట్టు సగంలో నవ్వయి,
ముక్కుపుడక మీద అప్పుడే పుట్టిన ఎండ పడి,
చెంపకంటిన పొలుసులు తళుక్కుమని...
కెమెరా తిప్పాను.
లెన్సు ముందుకీ వెనక్కీ గిరగిరా తడుముకుంది,
చత్వారం వచ్చిన మనిషి
సూదిలో దారం ఎక్కించబోయినట్టు.
వెనక్కి ఒక అడుగేశాను. ఇంకో అడుగు.
మూడో అడుగుకి వీపు ఐసు బండికి తగిలింది.
కంటి ముందు గోధుమరంగు మసక,
ఆ మసకలో ఇంకో తెల్లటి మసక.
పిల్లి గెలిచి పోయింది.
పైన గరుడ పక్షి కూడా లేదు.
ఎప్పుడు దిగిందో, ఏం తన్నుకుపోయిందో.

"సంచిలో ముప్పై అయిదు లెన్సు ఉండనే ఉంది సాయిబూ"
అని వాపోతే, చేతిలో స్క్రూడ్రైవరు ఆపకుండానే,
"సంచిలో ఉండేది ఇంట్లో ఉన్నట్టే గదమ్మా" అన్నాడు.

మళ్లీ ఆదివారం
ముప్పై అయిదు బిగించుకునే బస్సెక్కాను.
దేశమ్మ గుర్తుపట్టింది.
"పోయిన వారం పళ్లేదంట గదా. ఇప్పుడు తియ్యి"
అంది, నెల్లూరు తీరం తెలుగులో.
గంప పక్కకు నెట్టింది. కొంగు సర్దుకుంది.
ముక్కుపుడకను బొటనవేలితో తుడుచుకుని,
నేనేమీ అనకముందే
గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి, కదలకుండా కూర్చుంది.
పిల్లి దూరంగా తాళ్ల చుట్ట మీద
ఒళ్లు నాకుకుంటోంది, ఏ పేచీ లేకుండా.
నొక్కాను.
కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు,
అంత స్పష్టంగా
రేషను కార్డు ముఖం.

"ఇక ఊపిరి వదలండి" అన్నాను, అలవాటు కొద్దీ.
వదిలింది.
భుజాలు జారాయి, పెదవి ఒక పక్కకి వొరిగింది,
ముఖం మళ్లీ ఆమెదైపోయింది.
లెన్సు సరైనదే. వెలుగు సరిపడా ఉంది.
మనిషి చేతికందే దూరంలో ఉంది.
నా వేలే, అప్పటికే, మీట మీంచి లేచిపోయింది.
పదకొండేళ్లుగా అక్కడే లేస్తోంది అది.

ఫోటో ఇస్తే దేశమ్మకు భలే నచ్చింది.
కవరులో పెట్టి నడుముకు దోపుకుంది.

ఈమధ్య ఆసుపత్రిలో
వదలండి అన్నాక వెంటనే తెరకేసి తిరగడం లేదు.
సీసపు గాజు వెనకాల ఒక్క క్షణం ఆగుతున్నాను.
ఒక్కొక్కరు ఒక్కోలా వదులుతారు.
నిన్న ఒక ఆటో డ్రైవరు
సన్నటి ఈలగా వదిలాడు.