సముద్రానికి తాళం

మూడోరోజూ రేడియోలో అదే గొంతు:
"ఉదయం ఆరు నుంచి పది దాకా సముద్రం మూసి ఉంటుంది."
కొట్టు మూసినట్టు, బడి మూసినట్టు.
నైరి రేడియో చెవి మెలిపెట్టింది.

మాహియా కొసన అందరం గట్టునే ఉన్నాం.
ట్రాక్టర్ల వెనక పడవలు
నీళ్ళు దొరకని బాతుల్లా.
నేను నైరి పడవలో ఎర ముక్కలు కోసేవాణ్ణి.
కోసిన ముక్కలు బకెట్లో వాసనేస్తున్నాయి.

మొదటిరోజు గాలి వద్దంది.
రెండోరోజు ఏదో వాల్వు దగ్గిందన్నారు.
ముహూర్తాలు పెట్టేవాళ్ళు మాకు కనపడరు.
పెళ్ళి మా వాకిట్లో,
పస్తులు మాకు.

అడుగున బోన్లు మాత్రం తెరిచే ఉన్నాయి.
వాటికెవరూ నోటీసు ఇవ్వలేదు.
రాతిరొయ్య లోపలికి నడుస్తుంది,
దాని వెనకే ఆక్టోపస్ నడుస్తుంది.
గంటకెన్ని గుల్లలవుతున్నాయో
నైరి వేళ్ళ మీద లెక్కపెట్టి
వేళ్ళు చాలక ఆపేసింది.

కొట్టు ముందు బల్ల దగ్గర ఒకమ్మాయి.
ఔష్రినే అట పేరు, లిథువేనియా అట.
నిద్రలేని కళ్ళు, చేతిలో సగం తిన్న మటన్ పఫ్.
"ఆ రాకెట్టు ముక్కులో ఏడున్నాయి," అంది.
"ఒకటి మాది."
ఎంతుంటుందని అడిగాను.
లోపలికెళ్ళి అరలోంచి బ్రెడ్ పొట్లం తెచ్చి చూపించింది.
ఇంతే.
నాలుగేళ్ళు, పదకొండుమంది పిల్లలు, ఒక బ్రెడ్డు.

తక్కినవాటి సంగతీ తనే చెప్పింది.
కెన్యా వాళ్ళది మొక్కజొన్న చేలు చూస్తుందట.
పెరూ వాళ్ళది ఒక బడిపిల్లల పేర్లన్నీ మోసుకెళ్తోందట,
ఇంకే పనీ లేదట దానికి.
కొరియా కవలలు ఒకదాన్నొకటి తరుముకుంటాయట.
ఒకటి ఎవరిదో చెప్పకూడదట.
మిగిలింది సముద్రం మీద
చేపల పడవల్ని లెక్కపెడుతుందట.

మూడురోజుల్లో నైరి నవ్వడం అదే మొదలు.
"ఇవాళ లెక్క సులువు.
సున్నా అని రాసుకోమను."

ఔష్రినే నవ్వలేదు.
తమది సరస్సుల మీద మంచు
ఎప్పుడు పగులుతుందో చూస్తుందంది.
పోయిన మార్చిలో వాళ్ళూళ్ళో ఇద్దరు
మంచుకి కన్నం పెట్టి గాలం వేసుక్కూచుని
కుర్చీలతో సహా మునిగిపోయారంది.
నైరి ఏమీ అనలేదు.
బల్ల మీద కాస్త జరిగి చోటిచ్చింది.

తొమ్మిదీ నలభైకి కొండ అవతల తెల్లగా వెలిగింది.
చప్పుడు తర్వాత వచ్చింది,
నేలలోంచి, పళ్ళలోంచి.
కొట్టు అద్దాలు గజగజలాడాయి.
గొర్రెలు తలెత్తి, దించి, మళ్ళీ మేతలో పడ్డాయి.
అందరూ పైకి చూస్తుంటే ఆ పిల్ల
తన బూట్లకేసి చూస్తూ నిలబడింది,
పెదాలు కదుపుతూ, అంకెలో, ప్రార్థనో.

పోతూ పోతూ జేబులోంచి ఒక ఎర్ర రిబ్బను తీసింది.
ఎగిరేముందు పీకెయ్యాలని దాని మీద రాసుంది.
పీకిన చేయి తనదేనట.
ఇంటికి పట్టుకెళ్దామనుకుందట.
ఎందుకో నైరి చేతిలో పెట్టింది.

పదీ అయిదుకి సముద్రం తెరిచారు.
ట్రాక్టర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలోకి.
మొదటి బోనులో మూడు గుల్లలు,
మూల, చుట్టచుట్టుకుని,
బలిసిన ఆక్టోపస్,
మా వైపే చూస్తూ.
నేను కత్తి తీశాను. నైరి వద్దంది,
తలుపు తీసి నీళ్ళలోకి వంచింది.
ఖాళీ బోను మళ్ళీ వేస్తూ
దాని తేలుబుడ్డికి ఎర్ర రిబ్బను కట్టింది.

రెండు రాత్రులు ఆ బ్రెడ్డు నోరు విప్పలేదట.
మూడో పొద్దున, మేం పడవలో ఉండగా
ఫోను మోగింది:
"మాట్లాడింది."
ఏమందని నైరి అడిగింది.
"తన పేరు చెప్పింది.
ఒంటి చల్లదనం చెప్పింది. మైనస్ నాలుగు.
ఇంకేమీ లేదు. మేమంతా ఏడుస్తున్నాం."

నైరి చేతులు ప్యాంటుకి తుడుచుకుని
తడి ఆరని బొటనవేలితో
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది:
మావి పదకొండు రొయ్యలు.

ఆక్టోపస్ సంగతి రాయలేదు.